తిరుపతిలో తీసిన మా సైన్స్ ఫిక్షన్ యాక్షన్ షార్ట్ ఫిల్మ్: మొదటి కట్ చూసినవాళ్ళు మొహమాటం లేకుండా చెప్పండి

కపిలతీర్థం_కెమెరా | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఎడిటింగ్ ఒక కొలిక్కి వచ్చింది. అడిగినవాళ్ళందరికీ లింకు పంపాను. పాస్‌వర్డ్ దయచేసి బయటికి ఇవ్వొద్దు. ఫెస్టివల్స్‌కి పంపేదాకా యూట్యూబ్‌లో పెట్టే ఉద్దేశం లేదు.

చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. పాకాల దారిలో ఒక వాతావరణ రాడార్ కేంద్రం ఉంటుంది. కల్పితమే, కానీ అటువైపు గాదంకిలో నిజంగా ఉన్న రాడార్ కేంద్రాన్ని మనసులో పెట్టుకుని రాసుకున్నాం. అక్కడ రాత్రి డ్యూటీలో ఉన్న టెక్నీషియన్ అమ్మాయికి తెర మీద ఒక ప్రతిధ్వని కనిపిస్తుంది. రాడార్ తరంగం పంపకముందే దాని జవాబు వచ్చేసింది. ఆ సంగతి కనిపెట్టినందుకు ఆమెను వెతుక్కుంటూ ఇద్దరు వస్తారు. ఏ కాలం వాళ్ళో చెప్పం. వాళ్ళ కళ్ళద్దాలు ఎంత జనంలో ఉన్నా మొహాన్ని ఇట్టే గుర్తుపడతాయి. ఆమె తిరుపతిలోకి పారిపోయి గంగమ్మ జాతరలో వేషాల మధ్య కలిసిపోతుంది. చివర్లో గ్రానైట్ క్వారీలో ఫైటు, ఆకాశం నుంచి దిగే ఒక యంత్రం.

నిడివి 19 నిమిషాలు. గ్రాఫిక్స్ బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో, ఎడిటింగ్, కలర్ డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో చేశాం.

నాకు టెన్షన్ అంతా చివరి నాలుగు నిమిషాల గురించే. యంత్రం దిగేటప్పుడు మా టీమ్ వాళ్ళే కదలకుండా కూర్చున్నారు, ఉలిక్కిపడాల్సిన చోట ఎవరూ ఉలిక్కిపడలేదు. అక్కడ ఏం తగ్గిందో చెప్పండి. 'బాగుంది' అని ఒక్క ముక్కతో వెళ్ళిపోవద్దు, ప్లీజ్.

చిత్తూరు_తోతాపురి | శనివారం, రాత్రి 10:31

ఇప్పుడే చూశాను. ముందు నచ్చినవి చెప్తా.

పారిపోయేటప్పుడు అమ్మాయికి అమ్మ ఫోన్ చేసి 'యాడికి పోతాండావు, అన్నం తిన్నావా' అంటుంది చూడండి, ఆ ఒక్క మాటతో సినిమా మన ఊరిది అయిపోయింది. మన యాసంటే సినిమాల్లో సుమోలు, వేటకొడవళ్ళు. రాడార్ ముందు కూర్చున్న ఆడపిల్ల నోట వినడం నాకైతే చాలా సంతోషం వేసింది. వెతుక్కుంటూ వచ్చిన ఇద్దరూ టీవీ వార్తల తెలుగు మాట్లాడటం కూడా బాగా కుదిరింది.

జాతరలో పరుగు బ్రహ్మాండం. ఊపిరి బిగబట్టి చూశాను. క్వారీకి వచ్చాక మాత్రం సినిమా వేరేవాళ్ళ చేతుల్లోకి పోయినట్టు అనిపించింది. యంత్రం ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు. అది లేకపోతే ఏమవుతుంది?

రేణిగుంట_రెండర్ | శనివారం, రాత్రి 11:05

యంత్రం తీసేయమంటే నేను ఒప్పుకోను. దాన్ని సరిగ్గా కూర్చోబెడితే చాలు. నేను గ్రాఫిక్స్ పనే చేస్తాను కాబట్టి వివరంగా రాస్తున్నా.

మొదటి సమస్య, యంత్రం నేల మీద జారుతోంది. పాదం పెట్టిన చోట ఉండకుండా అరడుగు పక్కకు కదులుతోంది. అంటే కెమెరా ట్రాకింగ్, అదే షాట్‌లో కెమెరా ఎలా కదిలిందో సాఫ్ట్‌వేర్ కనిపెట్టే పని, తప్పింది. ఆ షాట్ నిలిపి చూశాను. మీ వెనక గోడంతా క్వారీ వాళ్ళు డ్రిల్ వేసిన నిలువు గాట్లు, అన్నీ ఒకేలా, ఒకే ఎడంలో. ట్రాకర్ ఒక గాటును పట్టుకుని, కెమెరా కాస్త వేగంగా తిరగగానే పక్క గాటు మీదికి దూకేస్తుంది, రెండూ ఒకటే అనుకుంటుంది. బ్లెండర్‌కి షాట్ పొడవునా కనీసం 8 గుర్తులు కావాలి. ఈ బూడిదరంగు రాయి మీద అవి దొరకవు. కాబట్టి మళ్ళీ తీసేటప్పుడు సుద్దముక్కతో రాయి మీద దగ్గరలో కొన్ని, దూరంలో కొన్ని, దేనికదే వేరుగా ఉండేలా గీతలు పెట్టండి. తరవాత చెరిపేయొచ్చు.

రెండోది వెలుతురు. మీరు మిట్టమధ్యాహ్నం తీశారు. మనుషుల నీడలు కాళ్ళ కిందే ఉన్నాయి, యంత్రం నీడ పక్కకు సాగింది. ఎందుకు నమ్మాలనిపించదో చూసేవాడు చెప్పలేడు గానీ కన్ను మాత్రం పట్టేస్తుంది. ప్రతి సెటప్ అయ్యాక, యంత్రం నిలబడే చోట ఒక మెరిసే గోళం పెట్టి ఫొటో తీసుకోవాలి. గోళం లేకపోతే బాగా తోమిన గుండ్రటి స్టీల్ గిన్నె బోర్లించినా సరే, సూర్యుడు ఎక్కడున్నాడో, ఏ రాయి ఎంత వెలుగు తిప్పికొడుతోందో అందులో కనిపిస్తుంది.

మూడోది, రోలింగ్ షట్టర్, అంటే ఫోన్ కెమెరా బొమ్మను ఒక్కసారిగా కాకుండా వరస తరవాత వరసగా తీసుకోవడం. ఫోన్‌తో విసురుగా తిప్పిన షాట్లలో నిలువు గీతలు ఒరిగిపోయాయి. వాటి మీద గ్రాఫిక్స్ పెట్టకండి.

బ్లెండర్ వాళ్ళే 2012లో టియర్స్ ఆఫ్ స్టీల్ అనే 12 నిమిషాల సైన్స్ ఫిక్షన్ సినిమా ఆమ్‌స్టర్‌డామ్‌లో తీసి, దాని ఫుటేజ్ కూడా అందరికీ వదిలేశారు. అసలు షాట్ ఎలా తీశారో, పైన ఏం చేర్చారో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. నేను నేర్చుకున్నది అక్కడే. మీరు ఊ అంటే యంత్రం షాట్లు నేను మళ్ళీ చేసిస్తాను, డబ్బులు వద్దు.

కపిలతీర్థం_కెమెరా | శనివారం, రాత్రి 11:20

అన్నా, చాలా థ్యాంక్స్. డ్రిల్ గాట్ల సంగతి మాకు అసలు తట్టలేదు. తోతాపురి గారూ, యంత్రం లేకపోతే సైన్స్ ఫిక్షన్ అని ఎవరు అంటారండీ? అదే నా భయం.

పుత్తూరు_కరాటే_అక్క | ఆదివారం, ఉదయం 6:48

తమ్ముడూ, ఫైట్ల గురించి నేను చెప్తా. పిల్లలకు కరాటే నేర్పిస్తాను, ఒకట్రెండు షార్ట్ ఫిల్ములకు ఫైట్లు కంపోజ్ చేశాను.

జాతర సందులో, అమ్మాయిని మొదటివాడు జుట్టు పట్టుకుని లాగితే ఆమె మోచేత్తో పొడిచే చోటు చాలా బాగుంది. ఎందుకంటే ఎవరు ఎటు ఉన్నారో తెలుస్తోంది. గోడ ఎడమన, జనం కుడిన, వాడు వెనక. క్వారీలో ఆ లెక్క మొత్తం పోయింది. కొట్టుకునే ఇద్దరినీ కలిపే ఊహా గీతకు కెమెరా ఒకే పక్కన ఉండాలి, ఇక్కడ దాన్ని ఇష్టం వచ్చినట్టు దాటేసింది. ఒక షాట్‌లో అమ్మాయి కుడివైపు తిరిగి తంతుంది, తరవాతి షాట్‌లో ఆమే ఎడమవైపు నుంచి దెబ్బ తింటుంది. ఎవరు గెలుస్తున్నారో తెలియనప్పుడు ఎవరి మీదా బెంగ ఉండదు. కెమెరా ఊపితే వేగం వస్తుందనుకోవద్దు. మూడు కదలికలకు ఒక షాట్ పెట్టండి, కెమెరా కుదురుగా ఉంచండి, మనిషి కదలనీ. దెబ్బ తగిలే చోట రెండు మూడు ఫ్రేములు ఎడిటింగ్‌లో తీసేస్తే చాలు, విసురు దానంతటదే వస్తుంది. దెబ్బ నిజంగా తగలక్కర్లేదు, తినేవాడి మెడ సరైన క్షణంలో తిరగాలి. మీ రెండో అబ్బాయి కాస్త ముందే తిరిగేస్తున్నాడు, పాపం భయపడుతున్నాడు. నెమ్మదిగా, సగం వేగంలో బాగా రిహార్సల్ చేయించండి.

ఇంకోటి, ఇది కోపంగానే అడుగుతున్నా. ఆ క్వారీ అంచున అమ్మాయి వెనక్కి నడిచే షాట్‌లో ఆమె మడమకూ అంచుకూ ఎంత ఎడం ఉంది? కింద నీళ్ళు కనిపిస్తున్నాయి. పాత క్వారీ గుంతల్లో లోతు ఎంతో ఎవరికీ తెలియదు. అంచు దగ్గర ఉన్నట్టు చూపించడానికి కెమెరాను కింద పెట్టి, మనిషిని పదడుగులు ఇవతల నిలబెట్టొచ్చు. షార్ట్ ఫిల్మ్ కోసం ఎవరి పిల్లా పడిపోకూడదు.

కపిలతీర్థం_కెమెరా | ఆదివారం, ఉదయం 7:30

అక్కా, ఆ షాట్ మీరు చెప్పినట్టే కింద నుంచి తీసింది. ఆమె వెనక ఇంకో మెట్టు రాయి ఉంది, ఫ్రేములో కనపడదు. క్వారీ యజమాని మనిషి ఒకరు రోజంతా మాతోనే ఉన్నారు, బ్లాస్టింగ్ లేని రోజే రానిచ్చారు. మోకాలి ప్యాడ్లు మాత్రం అందరికీ సరిపోలేదు.

పాకాల_ఫిజిక్స్ | ఆదివారం, ఉదయం 9:15

రాడార్ గురించి నాకు తెలిసినది చెప్పాలి. ఈ సినిమాలో అసలు విషయం అదే కాబట్టి కొంచెం పొడుగవుతుంది.

మీరు రాడార్‌ను గుండ్రంగా తిరిగే డిష్‌గా చూపించారు. గాదంకిలోని ఎం.ఎస్.టి. రాడార్, అంటే వాతావరణంలో పై పొరల దాకా చూసే రాడార్, తిరగదు. నేల మీద వరసగా నాటిన 1024 యాగీ యాంటెన్నాలు, 32 వరసల్లో వరసకు 32. పాత దూరదర్శన్ రోజుల్లో మిద్దెల మీద ఉండేవి చూడండి, ఆ జాతివే, ఆకాశం వైపు నిలబెట్టారు. ఏదీ కదలదు. ఒక్కో యాంటెన్నాకు వెళ్ళే సిగ్నల్‌ను రవ్వంత ముందూ వెనకా చేస్తే కిరణం మొత్తం పక్కకు వాలుతుంది. పనిచేసేది 53 మెగాహెర్ట్జ్ మీద, అంటే తరంగం పొడవు దాదాపు 5.7 మీటర్లు. విమానాలను వెతకడానికి కాదు, మబ్బు లేని గాలిలో కూడా సన్నటి సుడులు తిప్పికొట్టే ప్రతిధ్వనిని పట్టి, పైన గాలులు ఎటు వీస్తున్నాయో తెలుసుకోవడానికి. కదలని ఇనుప అడవి, కదిలే కిరణం. తిరిగే డిష్ కన్నా ఇదే భయంగా ఉంటుంది కదా. ఆ కేంద్రంలోకి వెళ్ళి తీయక్కర్లేదు, బ్లెండర్‌లో ఒక్క యాంటెన్నా గీసి 1024 సార్లు కాపీ చేస్తే సరి. రేణిగుంట తమ్ముడికి యంత్రం కన్నా ఇది తేలికైన పని.

ఇప్పుడు అసలు సంగతి. మీ తెర మీద ప్రతిధ్వని 3 సెకన్లు ముందు వచ్చినట్టు చూపించారు, అమ్మాయి వెంటనే బెదిరిపోతుంది. నిజంగా ఆ కుర్చీలో కూర్చున్న మనిషి బెదరదు. 80 కిలోమీటర్ల ఎత్తు నుంచి ప్రతిధ్వని రావడానికి అర మిల్లీసెకను కన్నా కొద్దిగా ఎక్కువ పడుతుంది, అంతే. రాడార్ మనం పిలిచినట్టు ఒక్కసారి పంపి ఆగదు, వరసగా పంపుతూనే ఉంటుంది. కాబట్టి లెక్కలోకి రాని ప్రతిధ్వని కనిపిస్తే ఎవరైనా ముందు అనుకునేది, ఇది ఇంతకుముందు పంపిన తరంగానికి ఆలస్యంగా వచ్చిన జవాబు అని. ఎంత దూరం నుంచి అంటే, చంద్రుడికి వెళ్ళి రావడానికే రెండున్నర సెకన్లు పైన పడుతుంది. 3 సెకన్లంటే చంద్రుడికన్నా అవతల.

మరి ఆ అమ్మాయి ఏం చెయ్యాలి? ట్రాన్స్‌మిటర్ ఆపాలి. పంపడమే ఆపేస్తే పాత జవాబులన్నీ కాసేపట్లో అయిపోతాయి. రిసీవర్ వింటూ ఉంటుంది. ఒక నిమిషం ఆగుతుంది, రెండు నిమిషాలు ఆగుతుంది. అప్పుడు, ఏదీ పంపని ఆకాశం నుంచి, మళ్ళీ అదే ప్రతిధ్వని వస్తుంది.

ఈ సీను రాయండి. మీ దగ్గర ఉన్న గదిలోనే తీయొచ్చు. ఒక స్విచ్, ఒక అమ్మాయి, ఒక తెర. సైన్స్ ఫిక్షన్ అని ఎవరంటారో అని అడిగారు కదా, ఇదే సైన్స్ ఫిక్షన్.

చిత్తూరు_తోతాపురి | ఆదివారం, ఉదయం 9:40

సార్, చదువుతుంటేనే చేతులు చల్లబడ్డాయి.

చప్పుడు_తమ్ముడు | ఆదివారం, మధ్యాహ్నం 12:22

సౌండ్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను.

1. జాతర షాట్ల వెనక మైకు సెట్లో సినిమా పాటలు మోగుతున్నాయి. దూరంగానే అయినా యూట్యూబ్ పట్టేస్తుంది, కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది. ఫెస్టివల్స్ వాళ్ళు కూడా సంగీతం హక్కుల కాగితం అడుగుతారు. ఆ ట్రాక్ మొత్తం తీసేసి, డప్పులు, జనం అరుపులు విడిగా రికార్డ్ చేసి వేయండి. డప్పు వాళ్ళను పిలిచి, డబ్బులిచ్చి, వాళ్ళ పేర్లు టైటిల్స్‌లో వేయండి.

2. మిద్దె మీద నుంచి శ్రీహరికోట రాకెట్ కనిపించే షాట్ ఉంది కదా. వెలుగుతో పాటే గర్జన వేశారు. తిరుపతికీ శ్రీహరికోటకీ గాలి దారిన దాదాపు 90 కిలోమీటర్లు. నిజంగా చప్పుడు ఇంత దూరం చేరినా నాలుగు నిమిషాల తరవాతే. అక్కడ నిశ్శబ్దంగా నిప్పుచుక్క పైకి పోతుంటే పక్కింటి కుక్కర్ విజిల్ వినిపించినా చాలు. మన ఊళ్ళో రాకెట్ అలాగే కదా ఎగురుతుంది.

3. క్వారీలో మాటలు సగం అర్థం కాలేదు. ఎక్కడో కంప్రెసర్ నడుస్తోంది. డబ్బింగ్ చెప్పించక తప్పదు.

జాతర సీరియల్ బల్బులు కూడా ఫోన్ షాట్లలో మినుకుమంటున్నాయి. నా పని కాదు గానీ చెప్తున్నా, మన కరెంటు 50 హెర్ట్జ్, షట్టర్ 50వ వంతు సెకనుకు పెడితే అది చాలావరకు పోతుంది. 60 మీద వదిలేసినట్టున్నారు.

కాణిపాకం_కోడర్ | ఆదివారం, మధ్యాహ్నం 2:10

కళ్ళద్దాలు మొహాన్ని గుర్తుపట్టలేకపోవడం గురించి. ఇది ఊహ కాదు, దీని మీద పని జరిగింది. 2010లో ఆడమ్ హార్వే అనే కళాకారుడు సీవీ డాజిల్ అని, మొహానికి రంగులు పూసి కంప్యూటర్‌కు అది మొహమే కాదనిపించే పద్ధతి చేశాడు. అప్పటి సాఫ్ట్‌వేర్ కళ్ళ దగ్గర చీకటి, ముక్కు దూలం మీద వెలుగు, ఇలాంటి తేడాలను బట్టి మొహాన్ని కనిపెట్టేది. ఆ తేడాలను చెరిపేస్తే దారి తప్పేది. ఇప్పటి న్యూరల్ నెట్‌వర్క్‌లు అంత తేలిగ్గా మోసపోవు.

మీ సినిమాలో అమ్మాయి బైరాగి వేషం వాళ్ళ మధ్యకు వెళ్ళగానే కళ్ళద్దాలు గుడ్డివైపోయాయి. ఒళ్ళంతా ఒకే తెల్లటి పూత పూస్తే కళ్ళు, నోరు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, యంత్రానికి అది సాయమే. తోటి వేషం అయితే వేరు. బొగ్గుపొడి, రాత్రి, వెనక నుంచి బల్బుల వెలుగు. కెమెరాకు నీడ, మొహం కలిసిపోతాయి. పరుగు తెల్లవాళ్ళ నుంచి నల్లవాళ్ళలోకి సాగితే, మొదట కళ్ళద్దాలు ఇంకా వెంటాడుతూ ఉండి తరవాత దెబ్బతింటే, చూసేవాళ్ళకు నియమం అర్థమవుతుంది. ఒకే రాత్రి రెండు వేషాలూ ఉండవని తెలుసు, అది మీరు ఎలా సర్దుతారో చూడండి.

డ్రోన్ షాట్ ఒకటి ఉంది కదా, అది ఎక్కడ తీశారు?

కపిలతీర్థం_కెమెరా | ఆదివారం, మధ్యాహ్నం 2:35

డ్రోన్ క్వారీ మీద మాత్రమే. డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో గ్రీన్ జోన్ అని చూసుకుని, 400 అడుగుల లోపే ఎగరేశాం. రేణిగుంట విమానాశ్రయం చుట్టుపక్కల అనుమతి కావాల్సిన ఎల్లో జోన్ కాబట్టి అటు పోలేదు. తిరుమల వైపు డ్రోన్ అన్న మాటే మా టీమ్‌లో ఎవరూ ఎత్తలేదు, కొండ మీద నిషేధం. చంద్రగిరి కోటలో రాజమహల్ ముందు ఒక సీను అనుకున్నాం గానీ అది కేంద్ర పురావస్తు శాఖ కింద ఉంది, షూటింగ్‌కు లైసెన్స్ తెచ్చుకోవాలి, మా తాహతు కాదని వదిలేశాం. బొమ్మ తుపాకీ వాడే రోజు స్టేషన్‌లో ముందే రాతపూర్వకంగా చెప్పి వెళ్ళాం.

తాతయ్యగుంట_వీధి | ఆదివారం, సాయంత్రం 5:50

నాయనా, మా మనవరాలు చూపించింది. నేను ఆ వీధిలోనే పుట్టి పెరిగినవాణ్ణి. మా ఇంట్లో మొక్కుకుని వేషం వేయని మగవాడు లేడు.

ముందుగా, గుడి ముందర ఫైటు పెట్టలేదు, వేషంలో ఉన్నవాళ్ళను ఎవరూ తన్నలేదు. అది గమనించాను. మంచి పని చేశారు. వేషం మొక్కు, నాటకం కాదు. కూతురి పెళ్ళి కావాలనో, పిల్లాడికి జ్వరం తగ్గాలనో మొక్కుకుని ఒంటికి బొగ్గు పూసుకుంటారు.

కానీ ఒక మాట అడుగుతా. జాతరలో వేషం ఎవరిదబ్బా? పాలేగాడు ఊళ్ళో ఆడబిడ్డల్ని చెరుస్తుంటే, అవిలాలలో పెరిగిన గంగమ్మ ఎదురు తిరిగింది. దాక్కున్నది వాడు. ఆమె దాక్కోలేదు. వాణ్ణి బయటికి రప్పించడానికి రోజుకొక వేషం కట్టి ఊరంతా వెతికింది. బైరాగిగా, బండగా, తోటిగా. వాడు రాలేదు. అప్పుడు దొర వేషం కట్టింది. తన దొర వచ్చినాడనుకుని వాడే బయటికొచ్చినాడు, తల తెగింది. మరుసటి రోజు మాతంగి వేషంలో పోయి వాడి పెళ్ళాన్ని ఓదార్చింది కూడా.

మీ సినిమాలో ఆ పిల్ల వేషాల చాటున దాక్కుంటుంది, తరవాత క్వారీకి పారిపోతుంది. మా ఊళ్ళో వేషం వేటాడేవాళ్ళది. దాక్కునేవాళ్ళది కాదు. ఆ పిల్ల ఎప్పుడు వెనక్కి తిరుగుతుందా అని చూస్తూనే ఉన్నాను. తిరగలేదు. ఆకాశంలో నుంచి ఏదో ఇనుప సామాను దిగింది.

పుత్తూరు_కరాటే_అక్క | ఆదివారం, సాయంత్రం 6:15

పెద్దాయన చెప్పినదాన్ని మించి చెప్పడానికి ఏమీ లేదు. ఫైట్ కూడా అక్కడే పోయింది. ఆమె తప్పించుకోవడానికే కొడుతోంది, ఒక్క దెబ్బయినా తనంతట తాను ఎంచుకుని కొట్టలేదు.

రేణిగుంట_రెండర్ | ఆదివారం, రాత్రి 8:02

గౌరవంగానే అడ్డు చెప్తున్నా. సైన్స్ ఫిక్షన్ యాక్షన్ అని రాసి ఉంటే చూసేవాళ్ళు ఒక పెద్ద దృశ్యం కోసం ఎదురుచూస్తారు. 2009లో ఉరుగ్వేలో ఫెడె అల్వారెజ్ ఐదు నిమిషాల లోపు సినిమాలో మాంటెవీడియో మీదికి రోబోలను దింపాడు, ఖర్చు 300 డాలర్లని చెప్పారు. అది యూట్యూబ్‌లో చూసే హాలీవుడ్ అతన్ని పిలిచింది. దృశ్యానికి ఆ బలం ఉంది. మన తిరుపతి కుర్రాళ్ళు అలాంటిది చేయగలరని చూపించడం తప్పా?

పాకాల_ఫిజిక్స్ | ఆదివారం, రాత్రి 8:30

తప్పు కాదు తమ్ముడూ. కానీ అందులో రోబోలు రావడమే కథ. 1962లో క్రిస్ మార్కర్ తీసిన లా జెటే చూడండి. 28 నిమిషాల కాలయానం, దాదాపు అంతా నిశ్చల ఛాయాచిత్రాలే. యంత్రం లేదు, కదలిక కూడా లేదు. ఒక మనిషి చిన్నప్పుడు చూసినదేంటో చివర్లో తెలుస్తుంది, అంతే. మనవాళ్ళ సినిమా ఏ జాతిదో చూసుకోవాలి. ప్రతిధ్వని ముందే వచ్చిందని మొదలుపెట్టి, దాన్ని గాలికి వదిలేసి రోబో దింపితే రెండూ చెడతాయి.

పెద్దాయన చెప్పిన దొర వేషం పొద్దుటి నుంచీ నా బుర్రలో తిరుగుతున్న ప్రశ్నకు జవాబు. ప్రతిధ్వని ముందే వచ్చిందంటే, దాని తరంగాన్ని ఎవరో ఎప్పుడో పంపి తీరాలి. సినిమా అయిపోయినా ఎవరూ పంపలేదు. ఆ అప్పు అలాగే ఉండిపోయింది.

ఎవరు పంపాలి? ఆ అమ్మాయే కదా?

కపిలతీర్థం_కెమెరా | ఆదివారం, రాత్రి 8:41

సార్, ఒక్క నిమిషం.

వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకు ఆజ్ఞలు ఆకాశం నుంచి వస్తాయని మేము ముందే పెట్టాం, కళ్ళద్దాల్లో చిన్న అక్షరాలు మెరుస్తాయి. అంటే ఆమె రాడార్ దగ్గరికి తిరిగి వెళ్ళి, వాళ్ళ దొర పంపినట్టే ఒక ఆజ్ఞ పంపుతుంది. వాళ్ళు దాక్కున్న చోటి నుంచి బయటికి వస్తారు. 'వచ్చాం' అని జవాబిస్తారు. మొదటి రాత్రి ఆమె తెర మీద పడ్డది ఆ జవాబే!

తాతయ్యగుంట_వీధి | ఆదివారం, రాత్రి 8:55

ఇప్పుడు దొర వేషం కట్టింది ఆ పిల్ల.

పాకాల_ఫిజిక్స్ | ఆదివారం, రాత్రి 9:03

అంతే. మొదట ట్రాన్స్‌మిటర్ ఆపే సీను రాస్తే, చివర్లో అదే స్విచ్ ఆమె వేస్తుంది. ఆమెకు ఆ జవాబు ముందే తెలుసు కాబట్టి వాళ్ళు ఎక్కడ ఏ క్షణంలో ఉంటారో కూడా తెలుసు. ఫైటుకు కారణం దొరికింది.

పుత్తూరు_కరాటే_అక్క | ఆదివారం, రాత్రి 9:20

అయితే ఫైటు నిమిషం దాటకూడదు. ఆమెకు ముందే తెలుసు అంటే, వాడు చెయ్యి ఎత్తేలోపే ఆమె పక్కకు జరిగి ఉండాలి. ఆమె వేగంగా కదలక్కర్లేదు, ముందు కదిలితే చాలు. వాడి పిడికిలి ఖాళీ గాలిలోకి పోవాలి, ఆమె అప్పటికే వాడి వెనక ఉండాలి. ఇది తీయడం కష్టం, ఎందుకంటే వాడు ఆమె కదలికను చూసి ఆగిపోతాడు. కళ్ళు మూసుకుని కొట్టేంతగా లెక్క అలవాటు చేయాలి. ఒకటి, రెండు అంటూ నేను నేర్పిస్తా.

రేణిగుంట_రెండర్ | ఆదివారం, రాత్రి 10:10

నేను మళ్ళీ ఆలోచించాను. సరే, యంత్రం పక్కన పెట్టేస్తాను. 1024 యాంటెన్నాల మైదానం నేను చేస్తా. రాత్రి, చివర్లో స్విచ్ వేసినప్పుడు కెమెరా ఆ వరసల మీదుగా వెళ్ళాలి. నేల షాట్ ఒకటి మీరు ఖాళీ మైదానంలో తీసివ్వండి, కెమెరా నెమ్మదిగా, తిన్నగా ముందుకు పోవాలి. ఇసుక బస్తాలు అక్కడక్కడా పెట్టండి, ట్రాకింగ్‌కి పనికొస్తాయి. వాటి మీదే యాంటెన్నాలు నాటేస్తా. దృశ్యం కావాలన్నాను కదా, ఇదే నా పెద్ద దృశ్యం.

కపిలతీర్థం_కెమెరా | సోమవారం, ఉదయం 7:05

రాత్రంతా టీమ్‌తో మాట్లాడాను. క్వారీ ఫైటు, యంత్రం రెండూ తీసేస్తున్నాం. రాడార్ గది సీన్లు రెండు కొత్తగా, చివరి ఫైటు సందులో కొత్తగా తీస్తాం. క్వారీలో తీసినవాటిలో ఆ ఇద్దరూ మొదటిసారి రాళ్ళ మధ్య కనపడే షాట్ ఒక్కటే ఉంటుంది, పగటిపూట వాళ్ళు దాక్కునే చోటు అదే అవుతుంది. బైరాగి వేషం షాట్లు మొదటి వెంటాటకు, తోటి వేషం షాట్లు రెండో దానికి వాడి, కథను రెండు రాత్రులుగా విడగొడుతున్నాం. కోడర్ అన్న అడిగినది అలా తీరుతుంది. దొర వేషం రోజు తీసిన దృశ్యాలు కొన్ని వాడకుండా ఉన్నాయి, ఒళ్ళంతా చందనం, నిమ్మకాయల దండలు. ఆమె స్విచ్ మీద చెయ్యి పెట్టే ముందు వాటిలో ఒక్క షాట్ వేస్తాం.

నిడివి 15 నిమిషాలకు దిగుతుంది. ముందు కేరళ డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్‌కి పంపాలని ఉంది.

పెద్దాయనా, సందులో షూటింగ్‌కు మీ వీధి వాళ్ళతో మీరు ఒక మాట చెప్తారా? రాత్రి పదకొండు తరవాత, మైకు లేకుండా, పదిమందిమే వస్తాం.

తాతయ్యగుంట_వీధి | సోమవారం, ఉదయం 8:20

చెప్తా. గుడి సందు వద్దు, మా ఇంటి వెనక సందు తీసుకోండి. అక్కడ వీధిదీపం ఉంది, మురుగు కాలవ మీద బండలు గట్టిగా ఉన్నాయి. ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి మా ఇల్లు ఉంది.

చప్పుడు_తమ్ముడు | సోమవారం, ఉదయం 8:45

రాడార్ గది సీను తీసేటప్పుడు ఫ్యాను ఆపేయండి. ఆమె ట్రాన్స్‌మిటర్ ఆపాక వచ్చే ఆ రెండు నిమిషాల ఎదురుచూపు మొత్తం సౌండ్ మీదే నిలబడాలి. సీను అయ్యాక ఎవరూ కదలకుండా ఒక నిమిషం ఖాళీ గది చప్పుడు రికార్డ్ చేయిస్తా. నేనే వస్తున్నా, నా రికార్డర్ తెస్తా.

పుత్తూరు_కరాటే_అక్క | సోమవారం, ఉదయం 9:02

రిహార్సల్ ఈ ఆదివారం పొద్దున ఆరున్నరకు పెట్టుకుందాం, ఎండ రాకముందే. పరుపులు రెండు మీరు తెచ్చుకోండి, మోకాలి ప్యాడ్లు, మోచేతి ప్యాడ్లు అందరికీ సరిపడా నేను తెస్తా. ఆ రెండో అబ్బాయిని ఏదైనా తిని రమ్మనండి. ఖాళీ కడుపుతో వస్తే మళ్ళీ ముందే తల తిప్పేస్తాడు.